పక్కింటి దస్తావేజులో మా ఇల్లు

పోయిన వారం ఫోన్ స్టోరేజీ నిండిపోతే ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని రాశాను కదా. చాలామంది మెసేజ్‌లు పెట్టారు. వాటిలో ఒకటి నన్ను వదల్లేదు. “మా తాతగారి ఇంటి ఫొటో ఒక్కటే ఉందన్నా. అందులో కూడా ఇల్లు కనపడదు, ఇంటి ముందు పెట్టిన స్కూటర్ కనపడుతుంది” అని. నవ్వొచ్చింది. తరవాత నా గ్యాలరీ వెతికా. విజయనగరంలో మా పాత ఇంటి దగ్గర తీసినవి నూట నలభై ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ మేమే ఉన్నాం. ఇల్లు ఎక్కడా లేదు.

సరిగ్గా ఆ వారమే నాన్న ఫోన్ చేశాడు. “ఇల్లు ఇచ్చేద్దామంటున్నార్రా. బిల్డరు నెలాఖరులోగా మాట చెప్పమన్నాడు. నువ్వోసారి రా, కాగితాలు చూడాలి.”

మా ఇల్లు కోటకి దగ్గర్లో, పాత ఊళ్ళో ఉంటుంది. రెండు వైపులా ఇళ్ళు ఆనుకుని ఉన్న సన్న వీధి. పెంకుటిల్లు, ముందు అరుగు, మధ్యలో మండువా, వెనక పెరట్లో నుయ్యి. రెండు వందల నలభై గజాలు. దానికి వాటాదార్లు ఏడుగురు. అందులో ఇప్పుడు ఉంటున్నది ఒక్కరే, మా మామ్మ. ఎనభై రెండేళ్ళు.

శుక్రవారం సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే దిగా. ట్రైన్లోనే ఒక పని నెత్తిన వేసుకున్నా. ఇల్లు ఉంటుందో పోతుందో తేల్చేది నేను కాదు. కానీ అది ఎప్పటిదో, ఎవరు కట్టారో మాత్రం తెలుసుకోవాలి. మా ఇంట్లో ఒక మాట పరంపరగా వస్తోంది: “ముత్తాత రంగం వెళ్ళి, ఆ డబ్బుతో 1910లో కట్టిన ఇల్లు.”

రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం, విజయనగరం వైపు ముసలివాళ్ళని అడగండి, ప్రతి వీధిలోనూ ఒక రంగం కథ ఉంటుంది. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి వేల మంది బర్మా వెళ్ళారు. ఓడరేవుల్లో మూటలు మోశారు, రైసుమిల్లుల్లో పనిచేశారు. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వెనక్కొచ్చినవాళ్ళున్నారు. రానివాళ్ళూ ఉన్నారు. అలాంటి కష్టంతో కట్టిన ఇల్లంటే మాకు గర్వం ఉండదా మరి!

ఇంజినీర్ని కదా, ముందు డేటా చెక్ చేద్దామనుకున్నా. మా ముత్తాత పుట్టింది 1900లో అని నాన్న చెప్పాడు. అంటే 1910లో ఆయనకి పదేళ్ళు. పదేళ్ళ పిల్లాడు రంగం వెళ్ళి డబ్బు సంపాదించి ఇల్లు కట్టాడన్నమాట. మొదటి టెస్ట్ కేసే ఫెయిల్.

పెంకు చెప్పిన తప్పుడు లెక్క

శనివారం పొద్దున్నే నిచ్చెన వేసి పెరటి వసారా కప్పు మీంచి ఒక పెంకు తీశా. మనం బెంగుళూరు పెంకు అంటాం కానీ అది నిజానికి మంగుళూరుది. వెనక్కి తిప్పి, బూజు తుడిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు: బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865, మంగుళూరు.

“మామ్మా! 1865!” అని కేకేశా.

“ఏట్రా, పెంకులికి కూడా ఫొటోలు తీస్తున్నావు? మా పెళ్ళికే ఫొటో లేదు” అంది మామ్మ.

సంతోషం పది నిమిషాలే. ఫోన్లో వెతికితే తేలింది ఏంటంటే, 1865 అనేది ఆ ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. బ్రాండ్ గుర్తులాగా పెంకుల మీద అచ్చు వేసేవారు. మన బిస్కట్ ప్యాకెట్ మీద కంపెనీ పుట్టిన సంవత్సరం ఉంటే, ఆ బిస్కట్ అప్పటిది కాదు కదా! అయితే ఆ పెంకు పనికిరాని సాక్ష్యమూ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం కారణంగా బాసెల్ మిషన్ పరిశ్రమలు ఆ మిషన్ చేతిలోంచి పోయి, కామన్వెల్త్ ట్రస్ట్ కిందకి వచ్చాయి. కాబట్టి ఆ పేరున్న పెంకు బహుశా యుద్ధానికి ముందుది. కానీ ఒక ఇంటి కప్పు విప్పి ఇంకో ఇంటికి పెంకులు ఎక్కించడం మామూలే. పెంకు వయసు ఇంటి వయసు అవ్వాలని లేదు.

ఇలాంటి ఆనవాళ్ళు పాత ఇంట్లో ఇంకా ఉంటాయి. గోడ పెచ్చు ఊడిన చోట చూడండి. మా గోడల్లో ఇటుకల మధ్య సిమెంటు చుక్క లేదు, అంతా గానుగ సున్నమే. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో, గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో. ఊళ్ళలోకి మామూలు సరుకుగా రావడానికి ఆ తరవాత ఇంకా ఏళ్ళు పట్టింది. సున్నం గోడ కనపడితే ఇల్లు పాతదనే అనుమానం బలపడుతుంది. మీ ఇంటి కప్పు మిద్దె అయితే తల పైకెత్తండి. కర్ర దూలాల మీద సన్న ఇటుకలు ఐమూలగా నిలబెట్టి పేర్చి ఉంటే అది మద్రాసు టెర్రస్. ఇనప దూలం ఉంటే దాని పక్కన అచ్చుపోసిన పేరు చదవండి. ఇంగ్లండు కంపెనీ పేరుండచ్చు, టాటా పేరుండచ్చు. టాటా వాళ్ళ ఉక్కు మొదటిసారి తయారైంది 1912లో. అంటే ఆ దూలం అంతకుముందుది కాదు.

ఇవన్నీ క్లూలే. సంవత్సరం మాత్రం దొరకలేదు.

రాజుగారి బొమ్మ

మధ్యాహ్నం మామ్మ మంచం కిందనుంచి రేకు పెట్టె లాగించింది. అందులో పన్ను రసీదులు, చిరిగిన పంచాంగం, ఎవరిదో జాతకం, అడుగున పాత గుడ్డలో చుట్టిన దస్తావేజు. కాగితం తాకితే పొడి రాలుతోంది. పైన స్టాంపు మీద గడ్డం ఉన్న రాజు బొమ్మ. ఐదో జార్జి. ఆయన రాజ్యం 1910 నుంచి 1936 వరకు. అంటే తేదీ చదవకముందే ఒక హద్దు దొరికింది. మీ ఇంట్లో పాత స్టాంపు కాగితాలుంటే బొమ్మ చూడండి. ఏడో ఎడ్వర్డ్ అయితే 1901 నుంచి 1910 మధ్య, ఆరో జార్జి అయితే 1936 తరవాత.

లోపల తేదీ ఉంది: 1928. అది ఇల్లు కట్టిన కాగితం కాదు. క్రయ దస్తావేజు. మా ముత్తాత ఈ ఇంటిని ఒక ఆవిడ దగ్గర కొన్నాడు. భర్త పోయాక, అప్పుల కోసం, “నా స్వాధీనానుభవములో నున్న పెంకుటిల్లు” అమ్ముతున్నానని రాసి ఉంది. చివర ఆవిడ వేలిముద్ర.

అందరం కాసేపు మాట్లాడలేదు. తొంభై ఏళ్ళుగా మేం కట్టామని చెప్పుకుంటున్న ఇల్లు ఇంకొకరిది. రంగం డబ్బు నిజమే కావచ్చు, కట్టడం మాత్రం కాదు. కట్టినవాళ్ళ కథ ఆ వేలిముద్ర దగ్గరే ఆగిపోయింది. ఆవిడ తరవాత ఎక్కడికెళ్ళిందో, ఎవరింట్లో తలదాచుకుందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎవరూ ఎప్పుడూ అడగనూ లేదు.

“మామ్మా, మీ మావగారు కట్టలేదట, కొన్నారట” అన్నా.

“కట్టినాడో కొన్నాడో నాకేటి తెలుసు నానా. ఆ నూతిలో నీళ్ళు మటుకు యాభయ్యేళ్ళు తోడింది నేను” అంది.

నాలుగు హద్దులు

దస్తావేజు ఆఖర్లో ఒక చిన్న భాగం ఉంటుంది. ఫ్లాటు కొన్నప్పుడు నేను కూడా దాన్ని చదవకుండానే సంతకం పెట్టా. హద్దులు. తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం రాజవీధి, పడమర ఫలానా వారి ఖాళీ స్థలం, ఉత్తరం కాలువ.

కోడింగ్ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే వెలుగుతుంది. ప్రతి ఇంటి కాగితం తన పక్కిళ్ళకి పాయింటర్లు పెట్టుకుని ఉంటుంది. ఇల్లు ఒక నోడు, హద్దులు దాని ఎడ్జిలు. ఒక్క దస్తావేజు దొరికితే, దాని హద్దుల్లోని పేర్లతో ఇంకో ఇంటిది వెతకచ్చు. అక్కడినుంచి ఇంకోటి. మా వీధి మొత్తం అలా కాగితాల్లో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంది.

వెతకడం ఎలా అంటారా? ఆన్‌లైన్లో ఈసీ తీస్తే మన రాష్ట్రంలో మామూలుగా 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి, దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి వెతికించుకోవాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇప్పటికీ నడుస్తున్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే. దాని ప్రకారం స్థిరాస్తుల దస్తావేజులు నకలు రాసే ఒకటో నంబర్ పుస్తకాన్నీ, దాని ఇండెక్సునీ ఫీజు కట్టి ఎవరైనా చూడమని అడగచ్చు. ఆ ఆస్తి మీదే అయ్యుండక్కర్లేదు. సర్టిఫైడ్ కాపీ కూడా తీసుకోవచ్చు. పాత దస్తావేజు వెనక పేజీలో పుస్తకం నంబరు, సంపుటం, పేజీలు, దస్తావేజు నంబరు రాసి ఉంటాయి. అవి ఫొటో తీసుకుని వెళ్తే గుమాస్తా గారికి సగం పని తగ్గుతుంది.

ఇంకో చిట్కా. పాత పుస్తకాల్లో, మ్యాపుల్లో మన ఊళ్ళు మన స్పెల్లింగుతో ఉండవు. శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు, చికాకోల్ అని కొట్టాలి. విజయనగరం అయితే విజియానగ్రం. భీమిలి అయితే బిమ్లిపటం. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే అధికారి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాశారు. అప్పట్లో విజయనగరం ఆ జిల్లాలోదే. శ్రీకాకుళం మాత్రం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే ఇటు వచ్చింది. కాబట్టి శ్రీకాకుళం వాళ్ళు వెతకాల్సింది గంజాం కాగితాల్లో. 1901 జనాభా లెక్కల్లో విజయనగరంలో ఉన్నది 37 వేల పైచిలుకు మంది. 2011 నాటికి 2 లక్షల 28 వేలు. ఆరింతలైంది. ఆ పాత 37 వేల మంది ఇళ్ళలో ఇప్పటికి ఎన్ని నిలబడి ఉన్నాయి? ఆ లెక్క వీధిలోకి దిగి మనమే వెయ్యాలి.

పని ఉన్నవి మిగిలాయి

ఆదివారం పొద్దున్న అందుకే బయటికి బయల్దేరా. మూడు లాంతర్ల దగ్గరనుంచి మొదలు. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గరనుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారి అది. 1869 నాటిదని చెప్పే మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మే నెలలో తీసేశారు. కోటలో మోతీ మహల్‌ని కూడా ఆ ఏడాదే కూల్చారు. అప్పుడు ఊళ్ళో పెద్ద గొడవే అయింది. అయినా ఆటో ఎక్కి “మూడు లాంతర్లు” అంటే డ్రైవర్ ఇంకో ప్రశ్న వెయ్యడు. స్తంభం పోయినా చిరునామా పోలేదు.

కోట ముందు బొంకులదిబ్బ. ‘కన్యాశుల్కం’ మొదటి రంగం జరిగే చోటు. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఈ ఊళ్ళోనే. రాసిన గురజాడ అప్పారావు గారు 1915లో కన్నుమూశారు. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. ఆయన వాడిన వస్తువులు కొన్ని అక్కడ ఉంచారు. గిరీశం నుంచున్న చోటు తెలుసు, గిరీశాన్ని సృష్టించిన మనిషి కూర్చున్న చోటూ తెలుసు. ఒక ఊరికి ఇది తక్కువ భాగ్యం కాదు.

అక్కణ్ణుంచి సంగీత కళాశాల. 1919లో విజయరామ గజపతి మహారాజు పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తరవాత 1936లో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది ఇక్కడే. ఈ కళాశాలలో నూరేళ్ళు దాటినా పాఠాలు నడుస్తున్నాయి.

నడుస్తూంటే ఒకటి అర్థమైంది. పాత కట్టడాల్లో బతికినవి ఎక్కువగా పని దొరికినవే. పాఠం చెప్పడానికో, జనాన్ని రానివ్వడానికో, ఆఫీసు నడపడానికో పనికొచ్చినవి. తాళం పడినవి ముందు కురుస్తాయి, తరవాత కూలతాయి. రాజుగారిదైనా, రంగం కూలీదైనా అంతే.

ఇంకో సంగతి. ఘంటసాల గారు చదువుకునే రోజుల్లో ఇక్కడ జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని ఇంట్లో పెట్టుకుని సంగీతం నేర్పారు. మహారాజు పెట్టిన కాలేజీకి బోర్డుంది. ఆ కుర్రాడికి అన్నం పెట్టిన గుమ్మాలు ఏవి? వాటిలో ఎన్ని మిగిలాయి? మా ఇల్లు కూడా వాటిలో ఒకటేమో! మామ్మ కాపురానికి వచ్చేసరికి అదంతా అయిపోయి చాలా ఏళ్ళైంది. మా ముత్తాతని అడిగినవాళ్ళు లేరు.

శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనీ ఒక చోట చేర్చాలని. పాత పత్రికల కోసం ఊళ్ళు తిరిగారు. ఆయన 2021లో పోయారు, కథానిలయం మాత్రం ఉంది, బోలెడు కథలు స్కాన్ చేసి ఆన్‌లైన్లో కూడా పెట్టారు. చిత్తుకాగితాల్లోకి వెళ్ళిపోయే పత్రికలకి ఒక మనిషి ఆ పని చెయ్యగలిగితే, మన వీధిలో పది ఇళ్ళకి మనం చెయ్యలేమా?

ఉమ్మడి గోడ

సాయంత్రం తూర్పువైపు పక్కింటి మావయ్య గారింటికి వెళ్ళా. చుట్టం కాదు, చిన్నప్పటినుంచి అలా పిలుస్తాం. విషయం చెబితే ఆయన కూడా బీరువాలోంచి దస్తావేజు తీశారు. 1931ది. హద్దుల దగ్గర వేలు పెట్టి చదివారు. “పడమర...” అని మా ముత్తాత పేరు చదివి, “వారి పెంకుటిల్లు, ఉమ్మడి గోడ.”

ఉమ్మడి గోడ! రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే గోడ అని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. మా దీపం గూడు, మావయ్య గారి అలమర, రెండూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి. “మీరు ఇల్లు ఇచ్చీసినా గోడ మాత్రం పడగొట్టడానికి లేదు బాబూ. అది సగం నాది” అన్నారాయన నవ్వుతూ. తరవాత నవ్వు ఆపి, “పైకప్పు తీసీసేక వానకి నానకుండా చూడమని మీ నాన్నతో చెప్పు. మేం ఇందులోనే ఉండాలి” అన్నారు.

రాత్రి వాటాదార్లంతా వీడియో కాల్లో కలిశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. చిన్న అత్తకి ఆపరేషన్ ఉంది. పెదనాన్న కొడుకు పిల్లల ఫీజులు. మా నాన్న కూడా అమ్మేద్దామనే అన్నాడు. నా వాటా లేదు కానీ, నా ఫ్లాటు లోను ఈఎంఐలో ఆయన సాయం ఉంది. ఏడుగురి వాటాలూ నేనే కొందామా అని ఫోన్లో కాలిక్యులేటర్ తీశా. రెండు నిమిషాల్లో మూసేశా. “ఇల్లు ఉంచండి” అనడానికి నా దగ్గర డబ్బు లేదు. డబ్బు లేకుండా ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు.

అందుకని రెండే అడిగా. ఒకటి, ఉమ్మడి గోడ సంగతి బిల్డరు అగ్రిమెంటులో రాయించాలి. రెండు, పని మొదలెట్టేలోపు నాకు ఇంకో రెండు ఆదివారాలు కావాలి. రెండింటికీ ఒప్పుకున్నారు.

సోమవారం సెలవు పెట్టి టేపు పట్టుకున్నా. గుమ్మం ఎత్తు, మండువా కొలతలు, దూలాల లెక్క, నూతి లోతు. ప్రతి గది నాలుగు మూలలనుంచి ఫొటో, మనుషులు లేకుండా. మామ్మని అరుగు మీద కూర్చోపెట్టి వాయిస్ రికార్డర్ నొక్కా. ఏ గదిలో పురుళ్ళు పోసుకున్నారో, తుపానుకి ఏ వైపు కప్పు లేచిపోయిందో, నలభై నిమిషాలు చెప్పింది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో మా ఇంటి గీత గీసి, కట్టిన సంవత్సరం అడిగే చోట 1910 అని కొట్టబోయి ఆగా. “1928కి ముందు” అని పెట్టా. మాకు తెలిసిన నిజం అంతే. ఇల్లు పోయాక ఆ మ్యాపులోంచి గీత తీసేస్తారు. పోయిన కట్టడాల కోసం ఓపెన్ హిస్టారికల్ మ్యాప్ అని వేరే ఉంది. అందులో కూడా వేశా.

ఈ వారం మీకు హోంవర్క్. సొంతిల్లో, తాతగారిల్లో, కాగితం ఎక్కడుందో కనుక్కోండి. నాలుగు హద్దులు చదవండి. ఒక హద్దు పట్టుకుని పక్కింటికి వెళ్ళి తలుపు కొట్టండి. వాళ్ళ కాగితంలో మీ ఇల్లుంటుంది.

బయల్దేరే ముందు మామ్మ దీపం గూట్లో వత్తి వేస్తోంది. “గోడ ఉంటాదంట కదా” అంది.

“ఉంటుంది మామ్మా. సగం వాళ్ళదట.”

“అయితే గూడు ఎటేపుది?”

చూశా. మనవైపుదే.